అత్త పంపిన కొడిశాకు

మా నాన్న బస్తర్‌లో కిరందుల్ ఇనుప గనిలో షావెల్ నడిపేవాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కొండను తవ్వడమే ఆయన పని. ఆయన కూతురినైన నేను కంటికి కనిపించని వెండి రేణువులు తయారుచేసే చదువులో పడ్డాను. నాలుగు దెబ్బలకు డంపరు నింపే యంత్రం మీద కూర్చున్న మనిషికి నా పనేమిటో చెప్పి ఒప్పించడం నాకు ఏనాడూ చేతకాలేదు. "కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. మనింట్లో ఆ ఎలుక కూడా కనబడకుండా పోయిందమ్మా" అని కాలనీలో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ అనేవాడు. ఆ వెంటనే, వాళ్ళు అడగకపోయినా, మా అమ్మాయి డాక్టరేటు చేస్తోందని కూడా చెప్పేవాడు.

నిజానికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. వెండి లవణం కలిపిన నీళ్ళు చూడటానికి మామూలు నీళ్ళలాగే తేటగా ఉంటాయి. అందులో ఏదైనా ఆకు కషాయం పోసి వెచ్చగా తిప్పుతూ ఉంటే కాసేపటికి రంగు మారుతుంది. ముందు లేత పసుపు, తర్వాత తేనె రంగు. నీళ్ళలో కరిగి ఉన్న వెండి చిన్న చిన్న గుంపులు కట్టిందని ఆ రంగుకు అర్థం. గుంపు బాగా చిన్నదిగా ఉండగానే ఆగిపోవాలి. అలా ఆగిన దాన్నే నానో రేణువు అంటాం. ఆగకపోతే గుంపులన్నీ ఒకదానికొకటి అతుక్కుని, నల్లటి మడ్డిలా అడుగుకు చేరతాయి. అంటే ఆకు కషాయం రెండు పనులు చెయ్యాలి. వెండిని రేణువుగా మార్చాలి, మార్చాక ఆ రేణువు చుట్టూ పల్చటి పొరలా పట్టుకుని పక్కవాటితో అతుక్కోకుండా కాపాడాలి. మొదటి పని చాలా ఆకులు చేస్తాయి. రెండో పని దగ్గరే వాటి బండారం బయటపడుతుంది.

ఇంత కష్టం ఎందుకంటే, ఆ రేణువులకు సూక్ష్మజీవులంటే పడదు. వాటి గోడకు అతుక్కుని చిల్లులు పెడతాయి. గాజు పళ్ళెంలో పల్చటి జెల్లీ పోసి, దాని మీద విరేచనాలు పుట్టించే బ్యాక్టీరియాను పెంచి, మధ్యలో చిన్న గుంట చేసి ఈ తేనె రంగు నీళ్ళు వేస్తే, మర్నాటికి గుంట చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో బ్యాక్టీరియా ఒక్కటి కూడా బతకలేదన్నమాట. ఆ వలయం ఎంత వెడల్పుగా వస్తే మాకు అంత పండగ. జగదల్‌పూర్‌లో మా ల్యాబ్ చిన్నది, కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఒక్క ఫ్రిజ్ మాత్రమే నడుస్తుంది. అయినా పొద్దున్నే ఆ పళ్ళేల మూత తీసి చూసే నిమిషం కోసం నేను పండక్కి కూడా పుట్టింటికి వెళ్ళకుండా ఉండిపోయిన సందర్భాలున్నాయి.

ఏ ఆకు తీసుకోవాలన్న ప్రశ్నకు జవాబు మా అత్తగారి పెరట్లో దొరికింది. మా ఆయనది కుంట వైపు గొల్లపల్లి. ఆయన జగదల్‌పూర్‌లోనే బడిపంతులు. వాళ్ళు దొర్ల తెగవాళ్ళు. ఇంట్లో దొర్లి మాట్లాడతారు, సంతలో హిందీ, చుట్టపుచూపుగా భద్రాచలం వైపు వెళ్తే తెలుగు. నాకు వచ్చిందేమో కంపెనీ కాలనీలో నేర్చిన విజయనగరం తెలుగు. పెళ్ళైన కొత్తలో అత్తా నేనూ తెలుగులోనే మాట్లాడుకున్నా, ఒకరి మాట ఒకరికి సగమే అందేది. మిగతా సగం నవ్వుతో పూడ్చుకునేవాళ్ళం. ఆమె తక్కువ మాటల మనిషి, నేను వాగుడుకాయను. ఆ రకంగా కూడా లెక్క సరిపోయింది.

ఒక చలికాలం అక్కడికి వెళ్ళినప్పుడు నాకు కడుపు పాడైంది. అత్త పెరటి అంచున ఉన్న కొడిశ చెట్టు బెరడు కొట్టుకొచ్చి కషాయం కాచి పోసింది. చేదంటే చేదు కాదు, నాలుక ఊడిపడుతుందేమో అనుకున్నాను. సాయంత్రానికి లేచి కూర్చున్నాను. కూర్చోగానే నాకు బుద్ధి తిన్నగా ఉండదు కదా. బెరడు కోసం చెట్టును గాయపరచడం ఎందుకు, ఆకులో కూడా ఏదైనా గుణం ఉంటుందేమో చూద్దామనిపించింది. నాలుగు ఆకులు ఇమ్మని అడిగితే అత్త ఇప్పుడు కాదంది. బస్సుకు వేసి పంపుతానంది. నేను తిరిగొచ్చిన కొద్ది రోజులకే కుంట నుంచి వచ్చే బస్సులో మూట దిగింది. ఆకులు నీడన ఎండబెట్టి, పెద్ద టేకాకుల్లో చుట్టి, అడవి నారతో కట్టి ఉన్నాయి. విప్పితే కొంచెం పుల్లటి వాసన వచ్చింది. కొడిశాకు వాసనే అలా ఉంటుంది కాబోలనుకున్నాను.

ఆ ఆకు కషాయం పోసిన రోజు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నేను టీ తాగి వచ్చేలోపు సీసాలో నీళ్ళు తేనె రంగుకు తిరిగాయి. అలాగే నిలిచిపోయాయి. వారం గడిచినా అడుగున మడ్డి లేదు. హైదరాబాదు పంపించి పెద్ద మైక్రోస్కోపు కింద ఫొటోలు తీయిస్తే, రేణువులన్నీ ఒకే సైజులో, విడివిడిగా, జల్లించిన కొర్రల్లా ఉన్నాయి. పళ్ళెంలో వలయం అంతకుముందు నేను చూసిన అన్ని వలయాలకంటే వెడల్పుగా వచ్చింది. మా గైడు సారు ఆ ఫొటోను కంప్యూటరులో పెద్దది చేసి చాలాసేపు చూశారు. రాయ్‌పూర్ మనిషి, పొగడ్త ఆయన నోటి నుంచి రావడం కంటే ఎండాకాలం మా కుళాయిలో నీళ్ళు రావడం తేలిక. ఆ రోజు మాత్రం తన డబ్బాలోంచి ఒక లడ్డూ తీసి నా చేతిలో పెట్టారు.

ఆ తర్వాత ఊరికి వెళ్ళినప్పుడు ఒక చిన్న సీసాలో ఆ నీళ్ళు పట్టుకెళ్ళి అత్తకు చూపించాను. ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. వెండి అని చెప్పి తేనె చూపెడుతున్నావేందని అనుమానపడింది. నేను నా పాఠమంతా చెప్పాను. వెండి మరీ చిన్నదైతే దాని రంగు మారిపోతుందని, ఇందులో కోట్ల కొద్దీ రేణువులున్నాయని. ఓపిగ్గా విని, తన చేతి కడియం తీసి నా ఒళ్ళో పెట్టింది. సీసాలో కొనుక్కోవడం ఎందుకు, ఇంట్లో వెండి ఉండగా, దీన్ని కరిగించుకో అంది. ఆ కడియం తిరిగి ఆమె చేతికి తొడగడానికి నేను పడిన తంటాలు ఇన్నీ అన్నీ కావు. ఎంతగానో నచ్చేసింది ఆమె నాకు ఆ రోజు.

అయితే ఒక్కసారి వచ్చినదాన్ని సైన్సు నమ్మదు. మళ్ళీ మళ్ళీ రావాలి, ఎవరు చేసినా రావాలి. సారు కూడా అదే అన్నారు. ఇంకో మూట తెప్పించు, మళ్ళీ చెయ్యి. చలికాలం ఉన్నంతకాలం అత్త పంపిన మూటలన్నీ బంగారంలా పలికాయి. చెట్టు ఆకు రాల్చి చిగురించేదాకా ఆగి, వానలు పట్టాక మళ్ళీ మూట తెప్పించాను. అదే చెట్టు, అదే టేకాకు, అదే నార. కషాయం పోశాను. పసుపు వచ్చింది, గోధుమ రంగు వచ్చింది, సాయంత్రానికి నల్లటి మడ్డి అడుగున కూర్చుంది.

ముందు నీళ్ళను అనుమానించాను. తర్వాత సీసాలను, తర్వాత వెండి లవణం డబ్బాను, తర్వాత వేడిచేసే పెనాన్ని, ఆఖరికి మా ఆయనను కూడా, మూట బస్టాండులో తడవనిచ్చాడేమోనని. ఆడలేక మద్దెల ఓడంటే ఏమిటో ఆ వానాకాలంలో నాకు బాగా అర్థమైంది. ఎండాకాలపు చిగురు ఇంకా ముదరలేదేమో, గాలిలో తేమ ఎక్కువేమో అనుకున్నాను. జగదల్‌పూర్ శివార్లలో ఇంకో కొడిశ చెట్టు ఆకు తెచ్చి చేశాను. మడ్డే. ఊళ్ళో అత్తకు ఫోను చేసి, ఈసారి కూడా పని చెడిపోయిందని చెప్పినప్పుడల్లా ఆమె కాసేపు మాట్లాడేది కాదు. చివర్న చెట్టు తప్పేం లేదు బిడ్డా అని మాత్రం అనేది. నన్ను ఓదారుస్తోందని అనుకునేదాన్ని.

ఈలోగా నా రిజిస్ట్రేషన్ గడువు నెత్తి మీదికొచ్చింది. రాబోయే చలికాలం చివరికి కమిటీ ముందు కూర్చుని నా ఫలితం నిలబడేదే అని చూపించాలి. చూపించలేకపోతే ఇన్నేళ్ళ పని చెత్తబుట్టలోకి, నేను ఇంటికి. ఇంకో అవకాశం లేదని సారు దాపరికం లేకుండా చెప్పారు. చలి మొదలవగానే అత్త మూట వచ్చింది. అద్భుతంగా తేనె రంగు నిలిచింది. ఊపిరి పీల్చుకున్నాను. కాలాన్ని బట్టి ఆకు గుణం మారుతోందని, చలికాలపు ఆకే పనికొస్తుందని సారుకు చెప్పాను. ఆయన తల ఊపి, అయితే వెళ్ళి నీ చేత్తో కోసుకురా అన్నారు. అదే చెట్టు, ఇదే కాలం. అప్పుడు కూడా వస్తే నమ్ముతానన్నారు.

వెళ్ళాను. బస్సు వేళకు ముందు చెట్టు దగ్గరికి పోయి, ఆకులు కోసి సంచిలో వేసుకుంటుంటే అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె ముఖం చిన్నబోయింది. ఒక్క పూట ఆగమంది. బస్సు పోతుందని నేను ఆగలేదు. ఇంటికొచ్చి ఆమెలాగే నీడన ఎండబెట్టి, కషాయం కాచి పోశాను. నల్లటి మడ్డి.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. అదే చెట్టు, అదే కాలం. అత్త పంపితే వస్తోంది, నేను తెస్తే రావడం లేదు. సారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మీ అత్తగారి చేతిలో ఏదో ఉందన్నారు. నవ్వుతూ అన్నారు గానీ, ఆ వెంటనే అన్నది నవ్వులాట కాదు. కమిటీలో ఎవరైనా ఇది వింటే, మూటలో ఎవరో ఏదో కలుపుతున్నారని అంటారు, లేదా నువ్వే కలుపుతున్నావని అంటారు, ఏమిటో కనుక్కోకుండా నేను సంతకం పెట్టను అన్నారు. తప్పు పట్టడానికి లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని, ఇంకొంచెం గట్టిగా అనేదాన్ని.

మా ఆయనను వెంటబెట్టుకుని మళ్ళీ గొల్లపల్లి వెళ్ళాను. దారి పొడవునా ఎలా అడగాలో ఆయన నాకు నేర్పుతూనే వచ్చాడు. మెల్లగా అడుగు, ముందు అన్నం తిను, తర్వాత అడుగు. నా సంగతి తెలిసీ చెప్పాడు పాపం. చెప్పులు విడవకముందే అడిగేశాను. ఆకుల్లో ఏం కలుపుతున్నావత్తా అని, అచ్చంగా చెక్‌పోస్టు దగ్గర సంచులు విప్పించే వాళ్ళ గొంతుతో. ఆమె నీళ్ళ చెంబు నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. మా ఆయన నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

మర్నాడు ఎండెక్కాక వాకిట్లో కూర్చుని చేటతో కొర్రలు చెరుగుతోంది. నేను పక్కన కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. కమిటీ గురించి ఆమెకు చెప్పాను. పని ఆగిపోతుందని, ఆకులో ఏముందో తెలియకపోతే నేను అబద్ధాలాడుతున్నానని అంటారని చెప్పాను. చేట ఆగింది.

"నేను ఏం కలపలే బిడ్డా. పెద్దల వాటా పెట్టిన, గంతే" అంది.

అప్పుడు నెమ్మదిగా బయటికొచ్చింది. వాళ్ళింట్లో కొత్తగా ఏది కోసినా, ఏది గడప దాటినా, ముందు లోపలి గదిలో, చనిపోయిన పెద్దలు ఉంటారని నమ్మే కుండ ముందు పెట్టి చూపిస్తారు. కాసిన్ని చుక్కలు నేల మీద పెద్దలకు, కాసిన్ని చుక్కలు ఆ వస్తువు మీద. చలికాలమంతా ఇంటి వెనక జీలుగు చెట్టు పారుతుంది. తాటి జాతి చెట్టది, బస్తర్‌లో సల్ఫీ అంటారు, దాని కల్లు తియ్యగా ఉంటుంది. నా ఆకుల మూట కట్టే ముందు ప్రతిసారీ ఆమె తాజా జీలుగు కల్లు దొప్పలో తెచ్చి, ఆకుల మీద చేత్తో చిలకరించి, ఆరనిచ్చి, ఆ తర్వాత చుట్టేది. వానాకాలంలో చెట్టు పారదు. అప్పుడు నీళ్ళు చిలకరించి, చెట్టు ఇచ్చినప్పుడు ఇస్తానని పెద్దలకు మాటిచ్చేది. నీళ్ళతో సరిపెట్టినందుకే పెద్దలకు కోపం వచ్చి నా పని చెడిందని ఆమె నమ్మకం. ఫోనులో ఆ మౌనాలన్నీ అందుకే. ఆ వానాకాలమంతా నా మడ్డి సీసాల బరువు ఆ పల్లెలో కూర్చుని ఆమె మోసింది.

నాకు ముందు పట్టలేని నవ్వొచ్చింది. జీలుగు కల్లు అంటే పంచదార నీళ్ళే కదా, పైగా పులియబెట్టే జీవులు, వాటి మాంసకృత్తులు. రేణువుల చుట్టూ పొరలా పట్టుకోవడానికి అంతకంటే ఏం కావాలి? నేను కోటి కారణాలు వెతికాను గానీ, ఆ పుల్లటి వాసన ఎక్కడిదని ఒక్కసారి అనుకోలేదు. మా ఆయన చిన్నప్పటి నుంచి ఆ కల్లు తాగినవాడే, ఆయనకూ తట్టలేదు. వాకిట్లో నేను పడీపడీ నవ్వుతుంటే అత్త కంగారుపడింది. ఇందుకే చెప్పలేదంది. కాలనీలో పెరిగిన పిల్లను, ఆకుల మీద కల్లు పోశామంటే అసహ్యించుకుంటానేమోనని భయపడిందట.

అయితే ప్రతిసారీ, అంత పట్టుబట్టి ఎందుకు? ఒక్కసారి చూపిస్తే చాలదా అని అడిగాను. ఆమె మళ్ళీ చేట అందుకుంది గానీ చెరగలేదు.

"మీ పెండ్లి రిజిస్టర్ కచేరిల అయింది. కోడలు ఇంటికొస్తే పెద్దల కుండ కాడికి తీస్కపోయి చూపెట్టాలె. బయటి పిల్ల, ఆ గదిల అడుగు పెట్టనియ్యొద్దని మా మంది అన్నరు. సరే అన్న. మనిషిని తీస్కపోవద్దన్నరు. మనిషి పనిని తీస్కపోవద్దని ఎవలన్నరు? అందుకే నీ ఆకులు పోయినప్పుడల్లా చెప్పేదాన్ని. ఇది మా కోడలి పని, జర చూసుకోండ్రి అని."

నేను రాళ్ళు ఏరడం ఆపేశాను. పెళ్ళైనప్పటి నుంచి ఆ ఇంట్లో తింటున్నాను, పడుకుంటున్నాను, ఆ గది తలుపు మాత్రం నా ముందు ఎప్పుడూ చేరవేసి ఉండేది. అందులో ధాన్యం దాచుకుంటారనుకున్నాను. నన్ను బయట ఉంచారని కూడా నాకు తెలియదు. ఆమె ఒక్కతే, నా తరఫున, ఆకుల మూట పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి వస్తూ ఉంది. ఆ మనిషినే ముందు రోజు నేను దొంగను నిలదీసినట్టు నిలదీశాను. ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. కొర్రల్లో పడతాయి కన్నీళ్ళు అని చేట పక్కకు జరిపింది.

కానీ నా కష్టం తీరలేదు. సారుకు ఫోను చేసి చెబితే, చాలాసేపు నవ్వి, ఆ తర్వాత నేను ఊహించిందే అన్నారు. కల్లు చుక్క వల్లే అని రుజువు కావాలి. నువ్వు హడావుడిగా కోసి, నీ ఇంట్లో ఎండబెట్టిన ఆకు రుజువుకు పనికిరాదు. అదే చేయి కోయాలి, అదే నీడన ఎండాలి, అదే టేకాకులో చుట్టాలి. అన్నీ ఒకేలా ఉండి, చుక్క ఒక్కటే ఉండకూడదు. అప్పుడు మడ్డి కడితేనే నీ మాట నిలబడుతుంది. ఆయన చెప్పింది అక్షరాలా సరైంది. ఆ సరైన మాటను అత్తకు చెప్పవలసింది నేను.

రెండు మూటలు కావాలి, ఒకదాని మీద చుక్క పడకూడదు అని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను, ఉప్పు వేసిన కూరా వెయ్యని కూరా పక్కపక్కన పెట్టి రుచి చూస్తేనే ఉప్పు సంగతి తెలుస్తుంది కదా అని. అర్థం కానిదేం లేదు ఆమెకు.

"అంటే ఈసారి నిన్ను చెప్పకుండ పంపాల్నా?" అంది.

నా చదువు నిలబడాలంటే ఆమె నన్ను ఒక్కసారి ఆ ఇంటి లెక్కలోంచి తీసెయ్యాలి. వద్దులే అత్తా అనాలనిపించింది, అనలేకపోయాను. ఆమె సరే అనలేదు, కాదనలేదు. లేచి వెళ్ళి కొడిశ చెట్టు దగ్గర ఆకులు కోయడం మొదలుపెట్టింది. రెండు కుప్పలుగా పోసి, వసారాలో తాడు మీద వేరువేరుగా ఆరబెట్టింది.

తర్వాత ల్యాబ్‌లో ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ ఆ మాటకు రాను. చుక్క పడిన మూట తేనె రంగులో నిలిచింది. చుక్క పడని మూట మడ్డి కట్టింది. మడ్డి చూసి చప్పట్లు కొట్టిన విద్యార్థిని ఆ ల్యాబ్‌లో నేనొక్కతినే అయి ఉంటాను. నా చేతులతో కల్లు చిలకరించి చేసిన ఆకు కూడా తేనె రంగే ఇచ్చింది. కల్లు ఒక్కటే పోస్తే పాలిపోయిన పసుపు వచ్చి ఊరుకుంది. ఆకు వెండిని మారుస్తోంది, కల్లు దాన్ని కాపాడుతోంది. కొడిశాకు ఒక్కటే ఇదంతా చేస్తుందని అంతకుముందు నేను రాసినదంతా కొట్టేసి, పరిశోధన పేరే మార్చుకోవలసి వచ్చింది. కమిటీలో ఒకాయన నవ్వాడు, ఒకావిడ మాత్రం ముందుకు వంగి ఆ చెట్టు ఏ నెల నుంచి ఏ నెల దాకా పారుతుందని అడిగింది. గడువు పొడిగించారు. ఇప్పుడు నా సిద్ధాంత గ్రంథంలో, ఆకులు సేకరించిన పద్ధతి అన్న చోట, గృహస్థురాలు ఆచారం ప్రకారం తాజా జీలుగు కల్లు చిలకరించి ఆరబెట్టినది అని ఒక వాక్యం ఉంటుంది. ఇంకేమీ రాయడానికి సారు ఒప్పుకోలేదు.

మేం తిరుగు ప్రయాణమయ్యే రోజు పొద్దున అత్త తలంటు పోసుకుంది. ఆకులు అప్పటికి ఆరిపోయాయి. ఒక కుప్పను ఎప్పటిలాగే లోపలికి తీసుకెళ్ళి, చిలకరించి, తెచ్చి ఆరబెట్టి చుట్టింది. రెండో కుప్ప కూడా చుట్టింది. మా చిన్నమామ తెల్లవారుతూనే చెట్టెక్కి దింపిన కల్లు సొరకాయ బుర్రలో నురగలు కడుతోంది. ఆయన వాకిట్లో వెదురు చీలుస్తూ కూర్చున్నాడు. నన్ను ఆ గదిలోకి రానివ్వద్దన్న వాళ్ళలో ఆయనా ఒకడట. అత్త బుర్ర చేత్తో పట్టుకుని, ఆయన వినేలాగే నన్ను పిలిచింది.

"ఆకులు ఉత్తగ పోతే పోనీ. నువ్వు ఉత్తగ పోవద్దు. రా" అంది.

నేను చిన్నమామ వైపు చూశాను. ఆయన ఒకసారి కత్తి ఆపి, మా ఇద్దరినీ చూసి, మళ్ళీ వెదురు వైపు తిరిగాడు. అత్త నా చెయ్యి పట్టుకుని గడప దాటించింది. గదిలో చీకటి, పొగ వాసన, మూలన మట్టి కుండ. నేను ఊహించుకున్నంత పెద్దదేం కాదు. ఆమె నన్ను దాని ముందు కూర్చోబెట్టి, దొప్పలో కల్లు పోసి నేల మీద చుక్కలు వదిలింది. తర్వాత నా తల మీద చిలకరించింది. చల్లగా చెవుల వెనక నుంచి మెడ మీదికి జారింది. ఆమె కుండతో దొర్లిలో మాట్లాడింది. అప్పటికి నాకు ఆ మాత్రం దొర్లి వచ్చు. ఒక మూట ఆకులు ఈసారి ఏమీ లేకుండా పోతున్నాయి, చదువు కోసం పోతున్నాయి, కోపం తెచ్చుకోకండి, ఆకులకు బదులు పిల్లనే తెచ్చాను, చూసుకోండి అని చెప్పింది.

చుక్క పడకూడని మూటను మాత్రం నన్ను లోపలికి తీసుకెళ్ళే ముందే మా ఆయన చేత వాకిలి దాటించి, దూరంగా ఎండలో మంచం మీద పెట్టించింది.